ముందుగా రాసిన స్తోత్రాలు

ఆ ప్రార్థనాలయపు గుమ్మం దాటి లోపలికి అడుగు పెట్టగానే, గొడుగులు ఆనించే చోటికి కాస్త పైన, గోడకు రెండు చెక్కపెట్టెలు బిగించి ఉంటాయి. ఎడమచేతి పెట్టెమీద ‘విన్నపాలు’ అనీ, కుడిచేతి పెట్టెమీద ‘కృతజ్ఞతలు’ అనీ తెల్లరంగుతో రాసి ఉంటుంది. విన్నపాల పెట్టెను శనివారం మధ్యాహ్నం తెరుస్తారు. అందులోని చీటీలను బట్టి ఆ వారం ఎవరింటికి ఎవరు వెళ్లి ప్రార్థించాలో, ఎవరికి ఏ సాయం కావాలో సంఘపెద్దలు జాబితా వేస్తారు. కృతజ్ఞతల పెట్టెను ఆదివారం ఆరాధనకు ముందు తెరిచి, చీటీలను అందరి ఎదుటా బిగ్గరగా చదువుతారు. ప్రతి చీటీ చివరా సంఘమంతా ఒక్క గొంతుతో ‘స్తోత్రం’ అంటుంది. అక్కడితో ఆ చీటీ పని ముగిసినట్టే. వినడానికి ఎంతో ముచ్చటైన ఏర్పాటు. అందులో ఒక చిల్లు ఉందన్న సంగతి మాత్రం పద్నాలుగేళ్లపాటు ఒక్కరికీ తట్టలేదు. చిల్లులు చూడటమే బతుకుతెరువైన మనిషి ఆ పద్నాలుగేళ్లూ వెనకబల్ల మీదే కూర్చుని ఉంది.

ఆమెకు పేరు లేక కాదు. పిలిచేవాళ్లు లేక ఆ పేరు మూలపడింది. ప్రతి మాటకూ ముందో వెనకో ‘స్తోత్రం’ తగిలిస్తుంది గనుక సంఘంలోనూ, పనిచేసే చోటా అందరికీ ఆమె స్తోత్రమ్మ. వాన పడితే స్తోత్రం, పడకపోతే బట్టలు ఆరినందుకు స్తోత్రం. యాభైఏడేళ్ల మనిషి. పెళ్లి ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, “అడిగినవాడు నచ్చలేదు, నచ్చినవాడు అడగలేదు, ఇద్దరికీ స్తోత్రం” అనేది. ఆ మాట అన్నాక తానే ముందు నవ్వేది, ఎదుటివాళ్లకు నవ్వాలా వద్దా అన్న ఇబ్బంది లేకుండా.

బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి ఇచ్చే పెద్ద దుకాణంలో, వెనకగదిలో, ఆమెది రఫూ పని. నిప్పురవ్వ పడి కాలిన కోట్లు, పురుగు కొట్టిన శాలువలు, మేకు తగిలి చిరిగిన పాంట్లు ఆమె ముందుకు వస్తాయి. బట్ట లోపలి మడత విప్పి, ఆ బట్టదే పోగు ఒక్కొక్కటిగా లాగి, చిల్లు ఉన్నచోట ఒక పోగు కిందుగా, ఒక పోగు మీదుగా సూదితోనే నేసుకుంటూ పోవాలి. గోటి వెడల్పు చిల్లుకు సగం రోజు పడుతుంది. పని పూర్తయ్యాక ఆ బట్టను తెచ్చినవాడి చేతికే ఇచ్చి, చిరుగు ఎక్కడుందో చూపించమంటే అతను వెతుక్కోవాలి. దుకాణాయన ఆ ఆట గిరాకీలతో చాలాసార్లు ఆడాడు, ఒక్కసారీ ఓడలేదు. తన పని ఎవరికీ కనబడకపోవడమే తన పనికి దక్కే మెప్పు అన్నమాట. అటువంటి వృత్తిలో ముప్పైరెండేళ్లు గడిపిన మనిషికి, తాను కూడా ఎవరికీ కనబడకపోవడం పెద్ద వింతగా తోచి ఉండదు.

ఆమె చీటీలు కూడా ఆ దుకాణంవే. ఉతకడానికి వచ్చిన బట్టకు దారంతో కట్టే అట్టబిళ్లలు, మూలన చిన్న చిల్లున్నవి, వాడేశాక పారేస్తారు. వాటి వెనకవైపు రాసి, ప్రతి ఆదివారం కుడిచేతి పెట్టెలో వేసేది. ఎడమచేతి పెట్టెలో ఏనాడూ ఏమీ వెయ్యలేదు. దీనికి కారణం ఆమె తల్లి. ఆ తల్లి ఒక వసతిగృహంలో దుప్పట్లు ఉతికేది. ఇంట్లో ఏమీ లేని పూట కూడా ఇద్దరు కూతుళ్లనూ కూర్చోబెట్టి, మూడు పళ్లేలు ముందు పెట్టి, కళ్లు మూసుకుని, పెట్టిన భోజనానికి దేవుడికి స్తోత్రం చెప్పేది. చాలాసార్లు కాసేపటికి ఎవరో ఒకరు తలుపు తట్టేవారు. తట్టని రోజున పళ్లేలు తుడిచి బోర్లించి, “రేపటిది కూడా కలిపి చెప్పేసుకున్నాంలే, పడుకోండి” అనేది. పుచ్చుకున్నాక ఎవరైనా దండం పెడతారు, పుచ్చుకోకముందు పెట్టడమే నమ్మకమని ఆమె కూతుళ్లకు నేర్పింది. తల్లి పోయాక అక్కచెల్లెళ్లిద్దరూ ఈ ఊరు చేరి, మూడో అంతస్తులో ఒక గది, ఒక మంచం, రెండు కుర్చీలు అమర్చుకున్నారు. చెల్లెలు పోయి ఆరేళ్లు. రెండో కుర్చీ ఇంకా ఉంది.

ఆ సంఘపు పద్నాలుగేళ్ల జాబితాలూ తీసి చూడవచ్చు, అన్నీ భద్రంగానే ఉన్నాయి. ఒక పెద్దగారి కూతురు పరీక్షలకు వాళ్లింటికి ఏడుసార్లు వెళ్లి ప్రార్థించారు. మరొకాయన కాలు బెణికితే రెండుసార్లు పరామర్శించారు. స్తోత్రమ్మ గది గడప తొక్కిన మనిషి మాత్రం ఆ జాబితాల్లో ఎక్కడా లేడు. అడగలేదు గనుక రాలేదు. పైగా ఆమెకేం, ప్రతివారం మేలు జరుగుతూనే ఉందిగా, చీటీలే సాక్ష్యం. ఏడ్చినవాడి ఇంటికి వెళ్లి, స్తోత్రం చెప్పినవాడిని బల్లమీదే వదిలేసే ఈ భక్తి ఏ వాక్యంలోంచి నేర్చుకున్నారో చెప్పగలిగినవాడు ముందుకు రావాలి.

ఆమె కళ్లు మసకబారడం దుకాణాయనే ముందు పసిగట్టాడు. ఒక ఉదయం ముదురు నీలం కోటు తెచ్చి ఆమె బల్లమీద పరిచాడు.

“స్తోత్రమ్మా, ఈ కోటు ఏ రంగు?”

“నీలమండీ.”

“మడతలో పోగులు చాల్లేదని పెట్టెలోంచి దారం తీశావే, అది ఏ రంగు?”

“నీలమే కదండీ.”

“నీ మొహం. అది నలుపు. బయటికి తీసుకెళ్లి ఎండలో చూడు, ఈగ వాలినట్టుంది. కోటు తెచ్చినాయన విదిలిస్తున్నాడు పాపం, ఎగిరిపోతుందేమోనని.”

ఆమె కోటును కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చాలాసేపు చూసింది. ఈగ కనబడలేదు. కోటు కనబడింది, కోటు మీద ఒక పల్చని పొగ కనబడింది. ఆ పొగ కోటు మీదది కాదని అప్పుడే తెలిసింది.

“కళ్లు చూపించుకో,” అన్నాడు దుకాణాయన, గొంతు తగ్గించి. “నెల రోజులు ఆగుతాను. తరవాత ఇంకొకళ్లని చూసుకోవాలి. మనసులో పెట్టుకోకు.”

“మనసులో పెట్టుకోవడానికేముందండీ. స్తోత్రం.”

“దీనికి కూడానా?” అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

కంటి ఆసుపత్రిలో డాక్టరు రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయనీ, కుడికంటిది బాగా ముదిరిందనీ, ఆలస్యం చేస్తే పోగు సంగతి అటుంచి మనిషి మొహం కూడా పోల్చుకోలేదనీ చెప్పాడు. వచ్చే మంగళవారం ఆపరేషన్ అని తారీఖు వేసి నర్సు అచ్చుకాగితం ఒకటి ఇచ్చింది. అందులో అయిదో నిబంధన కింద గీత గీసి ఉంది. తోడుగా ఒక మనిషి తప్పనిసరి. తోడు లేనివారిని ఆపరేషన్ గదిలోకి తీసుకోరు.

“ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?” అని నర్సు అడిగింది.

“నేనుంటాను.”

“మీరు కాక?”

స్తోత్రమ్మ కొంచెం ఆలోచించింది. “నేనే ఉంటానమ్మా.”

“చుట్టాలో, పక్కింటివాళ్లో? కట్టు కట్టాక మిమ్మల్ని ఒక్కళ్లనే రోడ్డు మీదికి వదలం కదా. ఎవరో ఒకరు రావాలి.”

“దేవుడు పంపిస్తాడు.”

“పంపితే మంచిదే. ఎనిమిదింటికల్లా పంపమని చెప్పండి, తొమ్మిది దాటితే తలుపు వేసేస్తాం.”

నర్సు వెటకారానికి అనలేదు. ఆ హాలులో నిత్యం యాభైమందితో మాట్లాడే మనిషి, నిబంధన నిబంధనగా చెప్పింది. స్తోత్రమ్మ కూడా దాన్ని వెటకారంగా తీసుకోలేదు. గదికి వెళ్లి, అట్టబిళ్ల తీసుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని, పెద్ద అక్షరాలతో రాసింది: ‘నా కంటి ఆపరేషన్‌కు మంగళవారం తోడు మనిషిని ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం.’

ఈసారి ఆదివారం దాకా ఆగలేక శనివారం పొద్దునే వెళ్లి పెట్టెల ముందు నిలబడినప్పుడు ఆమె చెయ్యి ఒకసారి ఎడమవైపుకు వెళ్లబోయింది. అట్టబిళ్ల వెనకవైపు ‘ఎవరైనా రండి’ అని రాసి అందులో వేస్తే పోయేదేముంది అనిపించింది. కాని, అమ్మ పరిచిన పళ్లేలను భోజనం రాకముందే తీసి బోర్లించినట్టు కూడా అనిపించింది. చీటీ కుడివైపు పడింది.

చీటీలు చదివేది కోర్టు రికార్డు గదిలో నలభైయేళ్లు పనిచేసి విరమించిన ఒక పెద్దాయన. డెబ్భైయారేళ్లు. ఇంట్లో తడిసిన రసీదు కూడా ఆరబెట్టి దాచుకునే రకం. చదివిన ప్రతి చీటీనీ ఇంటికి పట్టుకెళ్లి ఏడాదివారీగా రేకుపెట్టెలో పెడతాడని అందరూ నవ్వుకుంటారు. పిల్లల దగ్గరనుంచి పాస్టరుగారి దాకా ఆయన్ను చీటీల తాత అంటారు. ఆదివారం ఆయన స్తోత్రమ్మ చీటీని తీర్పు చదివినట్టు చదివాడు. సంఘమంతా స్తోత్రం అంది. కొందరు వెనక్కి తిరిగి ఆమెను చూసి తల ఊపారు.

ఆరాధన అయ్యాక స్త్రీల కూటం నడిపే పెద్దక్క చెయ్యి పట్టుకుంది.

“ఎంత మేలు చేశాడమ్మా దేవుడు! ఎవరొస్తున్నారు?”

“ఆయనే చూస్తాడక్కా.”

“నీ నమ్మకం అలాంటిది. నిజం చెప్పనా, నీకు కళ్లు బాగాలేవని విని నేనే వద్దామనుకున్నా. ఇంక నా అవసరం లేదుగా.”

స్తోత్రమ్మ నోరు తెరిచింది. ‘అవసరం ఉందక్కా’ అన్న మాట పెదవుల దాకా వచ్చింది. నిన్న దేవుడికి స్తోత్రం రాసిచ్చి, ఇవాళ పెద్దక్కను బతిమాలితే ఆ రాసిన దానికి విలువేముంటుంది? ఆమె నోరు మూసుకుంది. పెద్దక్క చెయ్యి వదిలి, గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

సోమవారం సాయంత్రం ఆమె గది ఊడ్చి, రెండో కుర్చీ మీది బట్టలు తీసి, కుర్చీని తలుపువైపు తిప్పింది. మెట్లమీద అడుగులు వినబడితే సూది ఆపి వినేది. ఆ భవనంలో మొదటి అంతస్తు వాళ్లు గబగబా ఎక్కుతారు, రెండో అంతస్తు ముసలాయన ప్రతి మెట్టుకూ ఆగుతాడు. మూడో అంతస్తుకు ఎక్కే అడుగులు తనవి తప్ప వేరే ఎలా ఉంటాయో ఆమె మరిచిపోయింది.

మంగళవారం ఏడున్నరకే ఆసుపత్రిలో ఉంది. నెత్తికి పచ్చ టోపీ తొడిగి, కంట్లో చుక్కలు వేసి, బల్లమీద వరసలో కూర్చోబెట్టారు. ప్రతి టోపీ పక్కనా టోపీ లేని మనిషి ఒకరున్నారు. ఒకావిడ మొగుడి చొక్కా గుండీలు సరిచేస్తూ తిడుతోంది.

“కళ్లద్దాలు ఎక్కడ పెట్టావ్?”

“నీ సంచిలో.”

“నా సంచిలో లేవు.”

“అయితే నా నెత్తిమీద చూడు.”

“నెత్తిమీద టోపీ ఉంది, కిందేమీ లేదు, నాకు తెలుసు.”

ఆ తిట్టు విని వరసంతా నవ్వింది. స్తోత్రమ్మ కూడా నవ్వింది. తనను తిట్టే మనిషి ఎవరూ లేరన్న సంగతి, తనను ప్రేమించే మనిషి లేరన్న సంగతి కన్నా ఎక్కువగా గుచ్చుకుంది.

నర్సు ఎనిమిదికి ఒకసారి, ఎనిమిదిన్నరకు ఒకసారి వచ్చి, “మీ తోడు?” అంది. “వస్తారమ్మా,” అంది ఈమె రెండుసార్లూ. చుక్కలు పనిచేసి వెలుతురు పాలలా చెదిరింది. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఒక తెల్లటి ఆకారం కనబడేది, అది తనకోసమే అనిపించేది. తొమ్మిది దాటాక నర్సు వచ్చి పక్కన కూర్చుని, టోపీ తనే తీసింది.

“అమ్మా, ఇవాళ్టికి పోయింది. వచ్చే మంగళవారం ఒకాయన మానుకున్నాడు, ఆ చోటు మీకు రాసిపెడతా. అదీ పోతే మళ్లీ నాలుగు నెలలు. ఈసారి మీ దేవుణ్ణి కాస్త గట్టిగా అడగండి.”

అడగటమే ఆమెకు రాదు.

చుక్కలు దిగని కళ్లతో, చేత్తో గోడలు తడుముకుంటూ, తెలిసిన మలుపుల్ని లెక్కపెట్టుకుంటూ గది చేరింది. తాళం తీసి, అలవాటు కొద్దీ గడపమీద ‘స్తోత్రం’ అనబోయింది. మాట రాలేదు. ఎవరిమీదా కోపం లేదు. గొంతులో ఆ మాట ఉండే చోట ఏమీ లేదంతే. తలుపువైపు తిరిగి ఉన్న కుర్చీని మళ్లీ గోడవైపు తిప్పి, దానిమీద చేతిసంచి పెట్టింది.

ఆ ఆదివారం పెట్టెలో మూలన చిల్లున్న చీటీ లేదు. చీటీల తాత ఉన్నవన్నీ చదివాక పెట్టెలో మళ్లీ చెయ్యి పెట్టి వెతకడం ముందుబల్లల వాళ్లు చూశారు. ఆరాధన ముగిసి అందరూ గుమ్మం దగ్గర మూగినప్పుడు పాస్టరుగారు ఆమెను ఆపారు.

“ఏమ్మా, కట్టు అప్పుడే విప్పేశారా? ఆపరేషన్ బాగా జరిగిందా?”

ఇన్నేళ్లలో ఇటువంటి ప్రశ్నకు ఆమె దగ్గర ఒకటే జవాబు. అది ఇవాళ రాలేదు.

“జరగలేదు అయ్యగారూ. ఎవరూ రాలేదు.”

“అదేంటి, తోడు దొరికిందని చీటీ చదివాంగా?”

“దొరుకుతుందని ముందే రాశానండీ. నేనెప్పుడూ ముందే రాస్తాను.”

ఎవరో చిన్నగా నవ్వి, తప్పనిపించి దగ్గారు. పెద్దక్క మొహం ఎర్రబడింది.

“ఒక్క మాట చెబితే నేను రానా స్తోత్రమ్మా? అడిగాను కూడా కదా.”

“అడిగారక్కా. తప్పు నాదే. మళ్లీ ఈ మంగళవారం ఇచ్చారు.”

“ఈ మంగళవారమా?” పెద్దక్క ఇబ్బందిగా అటూ ఇటూ చూసింది. “స్త్రీల కూటం ఉందే. ఒంటరివారిని ఆదరించడం మీద నేనే చెప్పాలి. నెల కిందటే ఒప్పుకున్నా.”

ఇది కట్టుకథ కాదని నమ్మడం కష్టమే. ఆ కూటపు కరపత్రం, అంశంతో సహా, దాచినవాళ్ల దగ్గర ఉంది. తక్కినవాళ్లలో ఒకరికి పని, ఒకరికి ప్రయాణం, ఒకరికి ఆసుపత్రి వాసన పడదు. అందరూ ప్రార్థన చేస్తామన్నారు. కొందరు అక్కడికక్కడే కళ్లు మూసుకుని చేశారు కూడా, ఆమె ఎదురుగా నిలబడి ఉండగానే. కాళ్లున్న సంఘం కళ్లు మూసుకోవడమే సాయమనుకుంటే, ఆకాశంలోంచి కాళ్లు దిగిరావాలని కాబోలు దాని నమ్మకం.

సోమవారం మధ్యాహ్నం దుకాణం వెనకగది తలుపు దగ్గర దగ్గు వినిపించింది. చీటీల తాత. చంకలో రేకుపెట్టె, మొహం కందగడ్డలా ఉంది. ఇస్త్రీ బల్లలు దాటి వచ్చేసరికి ఆయనకు ఆయాసం వచ్చింది.

“కూర్చోవచ్చా?”

“బట్టల మూట మీద కూర్చోవాలి తాతగారూ, వేరే ఏమీ లేదు.”

ఆయన మూట మీద కూర్చుని పెట్టె తెరిచాడు. స్తోత్రమ్మ చీటీలన్నీ మూల చిల్లుల్లోంచి దారం గుచ్చి, ఏడాదికొక దండగా కట్టి ఉన్నాయి. పద్నాలుగు దండలు.

“నిన్నటినుంచి నాకు నిద్రాహారాలు లేవు,” అన్నాడు. “నేను చదివిన కాగితంలో ఏది నిజమో నాకు తెలియాలి. వరసగా చదువుతాను. జరిగిందో లేదో చెప్పు. ‘పై నుంచి నీళ్లు కారడం ఆగినందుకు.’”

“ఆగింది. రెండేళ్లకు.”

“‘పక్కింటావిడతో సమాధానం కుదిరినందుకు.’”

“కుదరలేదు. వాళ్లే ఇల్లు మారిపోయారు, స్తోత్రం.”

“‘చెల్లెలికి పని దొరికినందుకు.’”

“దొరికింది. ఆ వారమే.” ఆమె మొహం వెలిగింది. “అది మాత్రం ఆ వారమే దొరికింది తాతగారూ.”

ఆయన ఒక్కొక్కటి చదువుతూ పోయాడు. జరిగినవి ఉన్నాయి, జరగనివి ఉన్నాయి, అడిగింది ఒకటైతే ఇంకొకటి జరిగినవీ ఉన్నాయి. ఆమె గుండీ కుడుతూనే జవాబులు చెప్పింది. ఆరేళ్ల కిందటి దండ దగ్గర ఆయన గొంతు మందగించింది.

“‘నా చెల్లెలి జ్వరం తగ్గినందుకు దేవునికి స్తోత్రం.’”

ఆమె సూది ఆగింది.

“అది బుధవారం రాశాను. శుక్రవారం పోయింది. రాసిన చీటీ సంచిలోనే ఉంది. ఆదివారం పెట్టెలో వేశాను.”

“పోయాక వేశావా?”

“వెయ్యకపోతే ఆమెకోసం ఇంకెవరూ స్తోత్రం చెప్పరనిపించింది.”

“నేను చదివాను,” అన్నాడు పెద్దాయన. “అందరం స్తోత్రం అన్నాం. నువ్వు వెనకబల్ల మీద ఉన్నావు. ఎందుకు లేచి చెప్పలేదమ్మా?”

“దేవుడికి మాట రాకూడదని.”

అప్పుడు ఆయనకు కోపం వచ్చింది. దుకాణంలో ఇస్త్రీ చేసేవాళ్లు తలలు తిప్పేంత కోపం. “దేవుణ్ణి కాపాడే ఉద్యోగం నీకెవరిచ్చారమ్మా? నలభైయేళ్లు కోర్టులో చూశాను, మనుషులు తమకోసం అబద్ధం చెబుతారు, బంధువులకోసం చెబుతారు. దేవుడికోసం చెప్పినదాన్ని ఇప్పుడే చూస్తున్నా.”

“అబద్ధం రాయలేదు తాతగారూ. ఆయన ఇస్తాడనే రాశాను.”

పెద్దాయన దండలు పెట్టెలో సర్దుకున్నాడు. కోపం ఎటునుంచి ఎటు తిరిగిందో, మాట మాత్రం మెత్తగా వచ్చింది.

“ఇచ్చే ఉంటాడు. పట్టుకొచ్చి నీ చేతికి ఇవ్వాల్సినవాళ్లం మేము తేలేదు.” పెట్టె మూత వేసి, “రేపు ఎన్నింటికి?” అన్నాడు.

“ఎనిమిదింటికి. మీకెందుకండీ శ్రమ, మీకే సరిగా కనబడదు.”

“నాకు రెండు కళ్లూ కోశారు. ఆ హాలులో ఏ బల్ల ఊగుతుందో కూడా తెలుసు.”

మంగళవారం ఆయన ఏడుంబావుకే ఆసుపత్రి మెట్లమీద ఉన్నాడు. తన పాత గుర్తింపుకార్డులన్నీ ఒక కవరులో పెట్టుకొచ్చాడు, ఒక్కటీ ఎవరూ అడగలేదు. నర్సు కాగితం ముందుకు తోసింది.

“రోగికి మీరేమవుతారు?”

“చీటీలు చదువుతాను.”

“అది రాస్తే పైవాళ్లు నన్ను చదువుతారు. అన్నా? బాబాయా?”

“లేనిది రాయను.”

“అన్నయ్య అని రాసెయ్యండి తాతగారూ, తొమ్మిదవుతోంది,” అంది స్తోత్రమ్మ టోపీ కిందనుంచి.

ఆయన కలం పట్టుకుని, గుండ్రటి అక్షరాలతో ‘ఒకే సంఘం’ అని రాశాడు. నర్సు చూసి, “అంటే ఏమవుతారు?” అని మళ్లీ అడిగింది. ఏ కాగితానికైనా అర్థం చెప్పగల ఆ మనిషి ఆ రెండు మాటలకూ అర్థం చెప్పలేకపోయాడు. నర్సు జాలిపడి ముద్ర వేసింది.

మర్నాడు పొద్దున కట్టు విప్పినప్పుడు స్తోత్రమ్మకు ముందు కనబడింది కిటికీ చట్రం, తరవాత దానిమీది దుమ్ము, తరవాత ఎదురుగా నిలబడ్డ ముసలాయన కోటు. ఆమె కన్ను ఆయన మోచేతి దగ్గర ఆగింది.

“తాతగారూ, అది ఎవరు కుట్టారు?”

“నువ్వే. కిందటేడు.”

గోధుమరంగు కోటు మీద ఎర్రమట్టి రంగు పోగులు, వంకరగా, చీమలబారులా ఉన్నాయి. “ఇది వేసుకుని ఏడాదంతా తిరిగారా? ఎవరూ ఏమీ అనలేదా?”

“ఎవరికీ కనబడలేదు.”

“మీకు కనబడిందిగా.”

“కనబడింది,” అన్నాడాయన. ఆమెను గది కింద మెట్ల దాకా దిగబెట్టి, మోకాళ్లు సహకరించక అక్కడే ఆగి, కోటు విప్పి ఆమె చేతికిచ్చి వెళ్లిపోయాడు.

శనివారం పొద్దున ఆమె ప్రార్థనాలయానికి వెళ్లి రెండు అట్టబిళ్లలు రెండు పెట్టెల్లో వేసింది. కుడివైపు చీటీలో, మంగళవారం తోడు వచ్చారనీ, కుడికన్ను కనబడుతోందనీ, రెండూ జరిగినవేననీ ఉంది. ఎడమవైపు చీటీలో, ‘ఆదివారం నాలుగింటికి నా గదికి ఎవరైనా రావాలి. మూడో అంతస్తు. పనేమీ లేదు, కూర్చోవడానికే’ అని ఉంది. ఆ చివరి మాట రాయడానికి ఆమెకు రెండు బిళ్లలు పాడయ్యాయి. శనివారం మధ్యాహ్నం వేసిన జాబితాలో, పద్నాలుగేళ్లకు మొదటిసారి, ఆమె గదికి ఇద్దరిని వేశారు. ఆ కాగితం కూడా రేకుపెట్టెలో ఉంది.

ఆదివారం మూడున్నరకే స్తోత్రమ్మ రెండో కుర్చీని తలుపువైపు తిప్పి, తలుపు బార్లా తెరిచి, ఒళ్లో గోధుమరంగు కోటు పెట్టుకుని కూర్చుంది. నాలుగయింది. మొదటి అంతస్తు వాళ్లు గబగబా ఎక్కి ఆగిపోయారు. నాలుగున్నర అయింది. రెండో అంతస్తు ముసలాయన ఒక్కో మెట్టే ఎక్కి తలుపు వేసుకున్నాడు. అయిదు దాటింది. ఎర్రమట్టి పోగుల్ని ఒక్కొక్కటే విప్పి, కోటు మడతలోంచి దాని సొంత పోగు లాగి, సూదికి ఎక్కించింది. ఒకేసారి ఎక్కింది. రెండేళ్లలో మొదటిసారి.

“ప్రభువా, పోగు కనబడుతోంది, స్తోత్రం,” అంది పైకే. కొంచెం ఆగి, ఎన్నడూ అనని మాట అంది. “ఎవరూ రాలేదు. నాకు బాధగా ఉంది.”

అని ఊరుకుంది. ఆ మాట వెనక ఏ స్తోత్రమూ తగిలించలేదు. ఆయన దానికి నొచ్చుకుంటాడేమోనని చెవి వొగ్గినట్టు కాసేపు కదలకుండా కూర్చుంది. నొచ్చుకున్న జాడ ఏమీ లేదు. గదిలో వెలుతురు ఎప్పటిలాగే కిటికీనుంచి కుర్చీమీదికి, కుర్చీనుంచి గడపమీదికి జరుగుతోంది.

మోచేతి చిల్లు మూసుకునేదాకా కుట్టి, దారం తెంపి, సంచిలోంచి ఇంకో అట్టబిళ్ల తీసింది. వచ్చే ఆదివారం తారీఖు వేసి, నాలుగింటికి, మూడో అంతస్తు, కూర్చోవడానికే అని మళ్లీ అవే మాటలు రాసింది. ఎడమవైపు పెట్టెలో వెయ్యాల్సినదని మరిచిపోకుండా దాన్ని సంచి ఎడమ జేబులో పెట్టుకుంది. కుర్చీని మాత్రం గోడవైపు తిప్పలేదు.